అబ్బా నిద్రపోతున్న వేళ

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం. ఈ ఊళ్లలో ఉదయం వేళ వీధిలో నిలబడి చూస్తే రెండు వరుసలు ఎదురెదురుగా సాగుతూ కనిపిస్తాయి. ఒకటి డ్యూటీకి వెళ్లేవారిది. రెండవది నైట్ షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరేవారిది. ఈ రెండవ వరుసలోని వారికి పగలే రాత్రి. వారిలో చాలామంది ఉండేది ఒక గది, ఒక వంటగది ఉన్న అద్దె ఇళ్లలో. కిటికీకి దుప్పటి కట్టి పడుకున్న ఆ మనిషికి మధ్యాహ్నం వరకైనా కంటినిండా నిద్ర దక్కాలి. దక్కకపోతే ఆ రాత్రి యంత్రం పక్కన నిలబడినప్పుడు రెప్ప వాలుతుంది. యంత్రం పక్కన రెప్ప వాలితే ఏమవుతుందో ఈ ప్రాంతపు కుటుంబాలకు మేము వివరించనక్కరలేదు.

కనుకనే ఇంటి ఇల్లాలు పిల్లవాడి చేతికి ఫోను ఇస్తుంది. వాడు మూలన కూర్చొని నోరు మెదపకుండా గంటల తరబడి దానిలోకి చూస్తూ ఉంటాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ తల్లిని తప్పుపట్టే ఉద్దేశం మాకు ఎంతమాత్రం లేదు. 'పిల్లలకు ఫోను ఇవ్వకండి' అని రాయడం చాలా తేలిక. మరి ఏమి ఇవ్వాలో కూడా చెప్పినప్పుడే ఆ మాటకు విలువ. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి, మరికొద్ది రోజుల్లో వేసవి సెలవులు రానున్నాయి. అందుచేత ఈ నెల చప్పుడు చేయని పనులను గురించి, పైసా ఖర్చు లేకుండా ఇంటిలోనే సాగే పనులను గురించి ముచ్చటించుకుందాం.

పిల్లవాడిని కొన్ని గంటల పాటు మరిపించవలసిన అవసరం మన కాలంలో కొత్తగా పుట్టినది కాదు. మదీనా అన్సారీ మహిళ హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (ర) తెలిపిన ఉల్లేఖనం ఒకటి సహీహ్ బుఖారీలోను, సహీహ్ ముస్లింలోను ఉన్నది. ఆషూరా దినాన వారు తాము ఉపవాసం ఉండి, పిల్లల చేత కూడా ఉండనిచ్చేవారు. ఆకలికి పిల్లవాడు ఏడ్చినప్పుడు ఉన్నితో చేసిన ఆటబొమ్మను ఇచ్చి, ఇఫ్తారు వేళ వరకు మరిపించేవారు. ఆ బొమ్మ బజారులో కొన్నది కాదన్న సంగతిని మనం గమనించాలి. ఇంట్లో ఉన్న ఉన్నితో వారే దానిని తయారుచేశారు. నేడు పుస్తకాల దుకాణాలలో అందమైన పెట్టెల్లో 'యాక్టివిటీ కిట్లు' అమ్ముతున్నారు. అందులోని వస్తువులు రెండు రోజుల్లో అయిపోతాయి, పెట్టె మాత్రం అటక మీదికి చేరుతుంది. వాటి మీద మాకు అంత గురి లేదు.

మేము అన్నిటికన్నా ముందు సిఫారసు చేసేది నీడను కొలిచే పని. ఇది ఇంటి లోపల కాదు, మేడ మీదనో, వాకిట్లోనో సాగుతుంది. ఒక ప్లాస్టిక్ సీసాలో ఇసుక నింపి అందులో నిటారుగా ఒక పుల్లను గుచ్చండి. ఇసుక మట్టం నుంచి కాక, నేల నుంచి పుల్ల కొన వరకు సరిగ్గా 30 సెంటీమీటర్లు ఉండేలా చూడండి. నీడ కొన ఎక్కడ పడుతుందో అక్కడ సుద్దముక్కతో చుక్క పెట్టి, పక్కన సమయం రాయడమే పిల్లవాడి పని. ప్రతిసారి ఒక నిమిషం చాలు. చుక్క పెట్టడం, దిగి రావడం. ఎండలో నిలబడనివ్వకండి, తలకు టోపీయో రుమాలో ఉండాలి, పిట్టగోడ లేని మేడ అయితే పెద్దవారు వెంట వెళ్లాలి. సూర్యుని వైపు నేరుగా చూడరాదని ముందే గట్టిగా చెప్పండి. చూడవలసినది నేలను మాత్రమే.

మొదటి రోజునే పిల్లవాడికి ఒక వింత ఎదురవుతుంది. మధ్యాహ్నం 12 గంటలకు నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉంటుందని వాడు అనుకుంటాడు. ఉండదు. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి నడుస్తాయి. సంగారెడ్డి సుమారు 78 డిగ్రీల మీద ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి సూర్యుడు మన నడినెత్తికి రావడం సగటున పద్దెనిమిది నిమిషాలు ఆలస్యం. ఏప్రిల్ మధ్యలో అది దాదాపు 12 గంటల 18 నిమిషాలకు జరుగుతుంది. ఫిబ్రవరిలో 12:32 వరకు జరిగిపోతుంది, నవంబరు మొదట్లో 12:01కే వచ్చేస్తుంది. మస్జిదు గోడ మీది నమాజు వేళల పట్టికలో జవాల్ సమయం నెలనెలా ఎందుకు మారుతుందో ఏ పిల్లవాడూ అడగడు, ఎందుకంటే అది అచ్చులో ఉన్నది. తాను పెట్టిన చుక్కల్లో అదే మార్పు కనిపించినప్పుడు మాత్రం తప్పక అడుగుతాడు.

నీడ తగ్గి తగ్గి ఒకచోట ఆగి మళ్లీ పెరగడం మొదలుపెట్టినప్పుడు జుహర్ వేళ ప్రవేశిస్తుంది. ఆ అతి పొట్టి నీడ పొడవును పిల్లవాడు నోటుపుస్తకంలో రాసుకోవాలి, ఎందుకంటే అసర్ లెక్కకు అది కావాలి. మధ్యాహ్నపు నీడకు పుల్ల పొడవును కలిపినప్పుడు వచ్చే కొలతకు నీడ చేరితే, ఇమామ్ షాఫయీ మొదలైనవారి అభిప్రాయం ప్రకారం అసర్ వేళ ఆరంభం. హనఫీ ఫిఖ్‌హ్‌లో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం పుల్లకు రెండింతలు కలపాలి. అంటే ఏప్రిల్ మధ్యలో 30 సెంటీమీటర్ల పుల్లకు మధ్యాహ్నపు నీడ 4 సెంటీమీటర్లు ఉంటే మొదటి లెక్కకు 34, రెండవ లెక్కకు 64. ఆ కొలతల వద్ద ముందుగానే రెండు గీతలు గీయించండి. నీడ ఏ గీతను ఎన్ని గంటలకు తాకిందో రాసి, పట్టికతో సరిచూడమనండి. కొద్ది నిమిషాల తేడా వస్తే పుల్ల వంగిందేమో, నేల వాలుగా ఉన్నదేమో వెతుకుతాడు. ఆ వెతకడంలోనే అసలు చదువు ఉన్నది.

గడియారాలు చవకగా దొరకని కాలంలో పెద్ద మస్జిదుల్లో ఈ పనికోసమే 'మువఖ్ఖిత్' అనే ఉద్యోగి ఉండేవాడు. డమాస్కస్‌లోని ఉమయ్యద్ మస్జిదులో ఆ పదవిలో ఉన్న ఇబ్నుష్షాతిర్ అనే ఖగోళవేత్త 1371లో అక్కడి మినారు మీద పెద్ద నీడగడియారాన్ని నిర్మించాడు. మీ పిల్లవాడు సుద్దముక్కతో చేస్తున్నది ఆయన పనిలోని మొదటి మెట్టే.

ఇదే పుల్లతో దిక్కులను కూడా కనుగొనవచ్చు. పుల్ల మొదలు కేంద్రంగా దారంతో ఒక వృత్తం గీయాలి. దాని వ్యాసార్ధం మధ్యాహ్నపు నీడ కన్నా పెద్దదిగా, 20 సెంటీమీటర్లు అనుకుందాం. ఉదయం పొడవుగా ఉన్న నీడ తగ్గుతూ వచ్చి వృత్తాన్ని తాకిన చోట ఒక చుక్క. మధ్యాహ్నం దాటాక పెరుగుతూ తిరిగి తాకిన చోట మరో చుక్క. రెండు చుక్కలను కలిపితే తూర్పు పడమరల గీత. ఉదయపు చుక్క ఉన్నది పడమర వైపు. అరబ్బు ఖగోళవేత్తలు ఈ పద్ధతిని 'అద్దాయిరతుల్ హిందియ్యా' అన్నారు, అనగా భారతీయ వృత్తం. మన దేశం నుంచి నేర్చిన విద్యకు మన దేశం పేరే పెట్టి తరతరాలుగా వాడుకున్నారన్నమాట. ఇక జామెట్రీ బాక్సులోని కోణమానిని తీసి పడమర నుంచి ఉత్తరం వైపుకు 12, 13 డిగ్రీలు జరిపి గీత గీస్తే, సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతం నుంచి కాబా ఉన్న దిశ అదే. అయితే పిల్లవాడు ఆ సుద్దగీతను పట్టుకొని వెళ్లి మస్జిదు సఫ్‌లను సరిదిద్దుతానంటే మాత్రం వారించండి!

పుల్లను సెలవులు అయ్యాక పారేయకండి. మే 9, 10, 11 తేదీల ప్రాంతంలో మన నడినెత్తికి సూర్యుడు సరిగ్గా వస్తాడు. 12 గంటల 14 నిమిషాల వేళ నిటారు పుల్లకు నీడే ఉండదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి రోజుల వరకు మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి కాక దక్షిణానికి పడుతుంది. జూన్ 21న అది దక్షిణం వైపు 3 సెంటీమీటర్లు, డిసెంబరు 21న ఉత్తరం వైపు 26 సెంటీమీటర్లు. ఢిల్లీలో ఉండే పిల్లలకు ఈ వింత ఏ రోజునా కనిపించదు, ఎందుకంటే సూర్యుడు అంత ఉత్తరానికి వెళ్లడు. ఆగస్టులో రెండవసారి నీడ మాయమయ్యే రోజు వస్తుంది గాని అప్పటికి వానమబ్బులు ఉంటాయి. అందుచేత మేలోనే చూడాలి.

ఇప్పుడు వంటగదిలోకి వద్దాం. పటాన్‌చెరు పేరు వినగానే మనకు పొగగొట్టాలు గుర్తుకు వస్తాయి. ప్రపంచంలోని వ్యవసాయ శాస్త్రవేత్తలకు మాత్రం ఇక్రిశాట్ గుర్తుకు వస్తుంది. 1972లో ఇక్కడ నెలకొన్న ఈ అంతర్జాతీయ సంస్థ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి మెట్టపంటల మీద పరిశోధన చేస్తున్నది. అక్కడి విత్తన నిధిలో లక్షకు పైగా రకాల విత్తనాలను చల్లని గదుల్లో భద్రపరిచారు. ఇంత పెద్ద నిధికి పక్కనే పెరుగుతున్న పిల్లవాడికి సజ్జ ఏదో, జొన్న ఏదో తెలియకపోవడం మనకు చిన్నతనమే.

ఈ ఐదు గింజలను తలా ఒక గుప్పెడు కలిపి పళ్లెంలో పోసి, కళ్లు మూసుకొని వేళ్లతో వేరుచేయమనండి. చప్పుడు లేని ఆటలలో దీనిని మించినది మాకు కనిపించలేదు. అక్కాతమ్ముళ్లు ఇద్దరుంటే అరగంట సులువుగా గడుస్తుంది. తరువాత ఒక్కో రకం నుంచి పది గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూటగట్టి, ఏది ఏ రోజున మొలకెత్తిందో, పదింటిలో ఎన్ని మొలిచాయో రాయించండి. ఏ విత్తన నిధిలోనైనా గింజ బ్రతికి ఉన్నదా లేదా అని ఇలాగే పరీక్షిస్తారు. మొలిచిన శనగలు సాయంత్రం అబ్బా లేచాక ఉల్లిపాయ, నిమ్మరసంతో పళ్లెంలోకి వస్తాయి, గింజ వృథా కాదు. మూడేళ్ల లోపు బిడ్డ ఇంట్లో ఉంటే వేరుశనగ, శనగ గింజలను నేల మీద పరచకండి. అవి గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ ప్రాంతంలో మరో సౌకర్యం ఉన్నది. ఒకే మేడలో బీహారు వారు, ఒడిశా వారు, బీదరు నుంచి, నాందేడ్ నుంచి వచ్చినవారు అద్దెకు ఉంటారు. పిల్లల చేతికి నోటుపుస్తకం ఇచ్చి ఒక్కో గింజను ఒక్కో ఇంటిలో ఏమంటారో అడిగి రాసుకు రమ్మనండి. మన జొన్న బీదరు వారి ఇంట 'జోళ', నాందేడ్ వారి ఇంట 'జ్వారీ'. మన కంది బీహారు వారికి 'అర్హర్'. ముందు సలాం గాని, నమస్కారం గాని చెప్పి, ఆ తరువాతనే ప్రశ్న అడగాలని నేర్పండి. పక్కగదిలో నెలల తరబడి ఉంటున్నా పేరు తెలియని కుటుంబంతో ఈ గింజల మూలంగా పలకరింపు మొదలవుతుంది. పొరుగువారి హక్కును గురించి ఉపన్యాసం వినడం కన్నా పిల్లలకు ఇది ఎక్కువ గుర్తుంటుంది.

రంగుల పనిని క్లుప్తంగా చెబుతాం. నీటిలో పసుపు కలిపి తెల్లకాగితానికి పూసి ఆరబెట్టండి. వంటసోడా కలిపిన నీటిలో పుల్లను ముంచి ఆ కాగితం మీద రాస్తే ఎర్రని అక్షరాలు వస్తాయి. వాటి మీద నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపు. ఎర్ర మందార రేకలను వేడినీటిలో నానబెట్టిన రంగునీరు నిమ్మరసానికి ఎర్రబడుతుంది, సోడాకు ఆకుపచ్చగా మారుతుంది. వేడినీటి పని అమ్మీదే.

అయితే ఈ ఆటను గురించి ఇక్కడ రెండు మాటలు గట్టిగా చెప్పక తప్పదు. రంగు మారడం చూసిన పిల్లలు బోరు నీటిని, వాగు నీటిని కూడా పరీక్షిస్తామంటారు. ఈ కాగితం పులుపునో, క్షారాన్నో మాత్రమే చూపుతుంది. నీటిలో కలిసిన లోహాలను, రసాయనాలను అది చూపలేదు. రంగు మారలేదు కాబట్టి నీరు మంచిదని ఎవరూ అనుకోరాదు. ఇక్కడి నీటి కాలుష్యం వ్యవహారం 1990లోనే సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. నక్కవాగు దరికి, కర్మాగారాల వెనుక కాలువల దగ్గరికి నమూనా కోసమని పిల్లలను పోనివ్వకండి.

రెండవ మాట డబ్బాల విషయం. పాతసామాను దుకాణాలలో నీలిరంగు డ్రమ్ములు, తెల్ల క్యాన్లు, గట్టిమూతల సీసాలు చవకగా దొరుకుతాయి. కొందరు వాటిలో నీళ్లు పట్టుకుంటారు, పిల్లలు వాటితో బండ్లు, ఇళ్లు చేసుకుంటారు. లోపల ముందు ఏమి ఉండేదో తెలియని డబ్బా ఎన్నిసార్లు కడిగినా ఆటవస్తువు కాదు, నీటిపాత్ర అంతకన్నా కాదు. డ్యూటీ నుంచి వచ్చిన చేతితొడుగులు, మాస్కులు, వాసన వేసే సంచులు కూడా అంతే. అబ్బా యూనిఫారమును పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. చేతిపనులకు కిరాణా దుకాణంలోని అట్టపెట్టెలు, పాత పెళ్లిపత్రికలు, దర్జీ దగ్గరి గుడ్డపీలికలు చాలు. ఉచితంగా వచ్చిందని ప్రతిదానినీ ఇంట్లోకి తేవడం పొదుపు కాదు.

వారాంతపు సెలవు రోజున ఇల్లు చప్పుడు చేయవచ్చు. ఆ రోజు పని అబ్బాది. కిటికీకి కట్టిన ఆ దుప్పటే ఒక పాఠం అవుతుంది. కిటికీని నల్లని అట్టతో పూర్తిగా కప్పి, మధ్యలో చిటికెన వేలు పట్టేంత రంధ్రం చేయండి. బయట మంచి ఎండ ఉండాలి, లోపల చిమ్మచీకటి ఉండాలి. ఎదురుగా తెల్లని దుప్పటి పట్టుకొని కొద్దిసేపు కళ్లను చీకటికి అలవాటు పడనిస్తే ఎదురింటి మేడ, కరెంటు స్తంభం, నడిచిపోయే మనుషులు తలక్రిందులుగా ఆ దుప్పటి మీద కనిపిస్తారు. సుమారు వెయ్యి సంవత్సరాల క్రితం, బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ చీకటి గదిలోకి రంధ్రం గుండా వచ్చే కాంతిని ఇలాగే పరిశీలించాడు. కాంతి సూటిగా ప్రయాణిస్తుంది కనుక పై నుంచి వచ్చిన కిరణం కిందికి, కింది నుంచి వచ్చినది పైకి చేరుతుంది. ఈ మాట చెప్పడానికి తండ్రి సైన్సు చదివి ఉండనవసరం లేదు. దారాన్ని బిగించి పట్టుకొని చూపిస్తే చాలు.

వీలైతే ఒక సెలవు నాడు సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ వెళ్లండి. శాతవాహనుల నాటి పట్టణం అక్కడ మట్టిదిబ్బల కింద ఉండేది. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖకు అధిపతిగా ఉన్న గులాం యజ్దానీ ఆధ్వర్యంలో 1940-41లో అక్కడ తవ్వకాలు జరిగాయి. నాణేలు, పూసలు, కాల్చిన మట్టి వస్తువులు అక్కడి ప్రదర్శనశాలలో ఉన్నాయి. చూసి వచ్చిన వారం రోజులూ ఇంట్లో నిశ్శబ్దమైన పని సిద్ధం. జల్లించిన బంకమట్టితో పూసలు చేసి అగరుబత్తి పుల్లతో రంధ్రాలు చేయడం, నీడలో ఆరబెట్టి దారానికి గుచ్చడం. రూపాయి నాణెం మీద పలుచని కాగితం ఉంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయడం. ఇంట్లో దాదీ దగ్గర పాత పైసలు, చిల్లు కానీలు ఉంటే వాటి అచ్చులు కూడా తీసి, ఏ సంవత్సరానివో వరుసగా అతికించడం. ఏ నాణెం చలామణిలో ఉన్నప్పుడు దానితో ఏమేమి కొనేవారో దాదీ చెబుతూ ఉంటే రాసుకోవడం ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకేలా ఇష్టంగా ఉంటుంది. దాదీకి మరింత ఇష్టం.

చివరగా ఒక కాగితం పని. ఇది అన్నిటికన్నా ముందే చేసినా మంచిదే. పెద్ద చార్టు మీద నెలకు సరిపడా గళ్లు గీయించండి. ప్రతి గడిలో రెండు తేదీలు, ఒక మూలన హిజ్రీ, మరో మూలన ఇంగ్లీషు. హిజ్రీ తేదీ పక్కన ఆ రాత్రి కనిపించిన చంద్రుని ఆకారాన్ని పిల్లవాడు చూసి గీయాలి, ఊహించి కాదు. ఆపై అబ్బా దగ్గర కూర్చొని ఏ వారం ఏ షిఫ్టో అడిగి మూడు రంగులు నింపాలి. ఉదయపు షిఫ్టుకు పసుపు, మధ్యాహ్నపు షిఫ్టుకు నారింజ, నైట్ షిఫ్టుకు నీలం. వీక్లీ ఆఫ్‌ను తెల్లగా వదిలేయాలి. చార్టును పిల్లవాడి కంటికి అందే ఎత్తులో గోడకు అంటించండి. నీలిరంగు గడి వచ్చిన రోజున 'ఉష్, మాట్లాడకు' అని అమ్మీ పదిసార్లు అననక్కరలేదు. వాడే చూసుకుంటాడు, చెల్లెలికి కూడా వాడే చెబుతాడు. తెల్ల గడి ఎన్ని రోజుల్లో వస్తుందో లెక్కపెట్టుకొని ఆ రోజు అబ్బాతో ఏమి చేయాలో అందులో ముందే రాసుకుంటాడు. షిఫ్టు మధ్యలో మారితే రంగు మార్చే బాధ్యత అబ్బాదే. ఓవర్‌టైము పడి తెల్ల గడి పోయినప్పుడు, ఎందుకు పోయిందో, దాని బదులు ఏ రోజు ఇస్తాడో ఆయనే స్వయంగా కూర్చొని చెప్పి, ఆ రోజు గడి మీద సంతకం చేయాలి.